ముఖానికి ఏ క్రీము? వరంగల్ ఎండకు, ఆదిలాబాద్ చలికి, మన బోరు నీళ్లకు తగ్గట్టు ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మందుల షాపు కౌంటర్ దగ్గర, హాస్టల్ గదుల్లో, పెండ్లిండ్లకు ముందు క్రీముల గురించి తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలు దాదాపు ఇవే. అడిగేవాళ్ల మాటల్లోనే ఉంచాం. ఏ ప్రశ్న దగ్గర తెరిచినా దాని జవాబు అక్కడే పూర్తవుతుంది. బ్రాండ్లు చెప్పడం లేదు. ట్యూబు వెనక ఏం ఉండాలో, ఏం ఉంటే కింద పెట్టేయాలో చెబుతున్నాం.

## కొనడానికి ముందు

నాది జిడ్డు మొఖమా, పొడి మొఖమా? ఇంట్లనే ఎట్ల తెలుసుకోవాలె?

ఘాటు లేని ఫేస్‌వాష్‌తో ముఖం కడుక్కుని, మెత్తటి తువ్వాలతో అద్దుకుని, ఏమీ రాయకుండా గంటసేపు నీడపట్టున ఉండండి. కూలర్ ముందు మాత్రం కూర్చోవద్దు. గంట తర్వాత పల్చటి టిష్యూ కాగితం ముక్కలను నుదురు, ముక్కు, రెండు చెంపలు, గదువ (గడ్డం) మీద విడివిడిగా పది సెకన్లు అద్ది వెలుతురుకు పట్టి చూడండి. అన్ని ముక్కల మీదా నూనె మరక ఉంటే జిడ్డు చర్మం. నుదురు, ముక్కు, గదువ మీద ఉండి చెంపల మీద లేకపోతే మిశ్రమ చర్మం. ఎక్కడా మరక లేక, నవ్వితే చెంపలు బిగుసుకున్నట్టు ఉంటే పొడి చర్మం. మరకలు ఎట్లున్నా సరే, ఏది రాసినా మంట, దురద, ఎరుపు వస్తుంటే అది సున్నితమైన చర్మం. దాన్ని వేరుగా చూసుకోవాలి.

ఈ పరీక్ష మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చేయండి. మన దగ్గర చాలామందికి ఎండాకాలంలో జిడ్డు, సంక్రాంతి నాటికి పొడి. వాళ్లు ఏడాది పొడుగునా ఒకటే క్రీము వాడి, సగం కాలం దాన్ని తిట్టుకుంటారు.

మొఖం జిడ్డు కారుతుంటే ఇంక క్రీము ఎందుకు?

జిడ్డు అంటే నూనె. చర్మానికి కావాల్సింది నీరు. పైన నూనె మెరుస్తున్నా కింద పొర ఎండిపోయి ఉండొచ్చు. జిడ్డు పోవాలని రోజుకు ఐదారుసార్లు సబ్బు పెట్టేవాళ్లకు జరిగేది ఇదే: మధ్యాహ్నానికి ముక్కు మీద మెరుపు, ముక్కు పక్కన పొరలు లేవడం. రోజుకు రెండుసార్లు కడుక్కుంటే చాలు. చెమట పట్టినప్పుడు ఉత్త నీళ్లు పోసుకోండి. క్రీము మాత్రం నూనె లేని జెల్ రకం తీసుకోండి.

క్రీము అసలు చర్మానికి ఏం చేస్తది?

చెరువు ఎండినప్పుడు ఒండ్రుమట్టి నెర్రెలు బారడం చూసే ఉంటారు. చర్మం పైపొరలోంచి నీరు ఆవిరైపోతే జరిగేది అదే, కాకపోతే నెర్రెలు కంటికి ఆనవు. ఆ సన్నటి సందుల్లోంచి సబ్బు, దుమ్ము, సువాసన ద్రవ్యాలు లోపలికి దిగి మంట పుట్టిస్తాయి. మంచి క్రీములో మూడు రకాల సరుకు ఉంటుంది. గ్లిజరిన్, హయలురోనిక్ యాసిడ్, యూరియా నీటిని పట్టి ఉంచుతాయి. సెరమైడ్లు, స్క్వాలేన్, షియా బటర్ సందులు నింపి నున్నగా చేస్తాయి. పెట్రోలియం జెల్లీ, డైమెథికోన్, లిక్విడ్ పారఫిన్ పైన మూత వేసినట్టు నీరు ఎగిరిపోకుండా ఆపుతాయి. జిడ్డు చర్మానికి మొదటి రకం ఎక్కువ కావాలి, పొడి చర్మానికి మూడూ కావాలి. ఎంపిక అంతా ఈ పాళ్ల దగ్గరే ఉంది.

రంగు మార్చడం ఈ మూడింటిలో దేని పనీ కాదు. చామనఛాయ ఉన్న చర్మం ఆరోగ్యంగా ఉంటే నిగనిగలాడుతుంది. క్రీము నుంచి ఆశించాల్సింది ఆ నిగారింపే.

మా అక్కకు మంచిగ పడ్డ క్రీము నాకెందుకు పడలే?

ఒక్క కడుపున పుట్టినా నూనె గ్రంథుల పనితీరు, వయసు, చేసే పని, తలకు రాసే నూనె, వాడే సబ్బు వేరు. అక్కకు ముప్పై ఐదేళ్లు, ఆఫీసులో ఏసీ గది. మీకు పంతొమ్మిదేళ్లు, బస్సు పాసు మీద కాజీపేట నుంచి హన్మకొండ కాలేజీకి తిరుగుడు. ఆమెకు హాయిగా ఉన్న చిక్కటి క్రీము మీకు రంధ్రాలు మూసి మొటిమలు తెస్తుంది. అడగాల్సింది "ఏం వాడుతున్నవు అక్కా" అని కాదు, "నీ చర్మం ఏ రకం" అని.

బోరు నీళ్లతోని కడుక్కుంటే మొఖం పొడిబారుడు నిజమేనా?

నిజమే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే సబ్బు నురగ రాదు. సబ్బుతో కలిసి తెల్లటి పీచులాంటి మడ్డి అవుతుంది. బకెట్ అంచున పేరుకునేది అదే, ముఖం మీదా సన్నగా మిగిలేది అదే. అది చర్మాన్ని ఎండబెడుతుంది. ముఖానికి స్నానం సబ్బు మానేసి, సబ్బు కాని ఫేస్‌వాష్ వాడండి. చివరి ఒక్క చెంబు మాత్రం మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లో, కాచి చల్లార్చి పైన తేటగా తీసిన నీళ్లో పోసుకోండి. కాచినప్పుడు గిన్నె అడుగున తెల్లగా పట్టేది చర్మం మీద పడాల్సిన సున్నమే. ఈ ఒక్క మార్పుతో పొరలు లేవడం తగ్గి, ఖరీదైన క్రీము అవసరం తప్పినవాళ్లు ఎందరో.

## షాపులో నిలబడి

జెల్, లోషన్, క్రీము, ఆయింట్‌మెంట్: ఏది అడగాలె?

తేడా అంతా నీరు, నూనె పాళ్లలో ఉంది. జెల్‌లో దాదాపు నీరే, లోషన్‌లో నీరు ఎక్కువ, క్రీములో రెండూ ఉంటాయి, ఆయింట్‌మెంట్‌లో దాదాపు నూనే. జిడ్డు చర్మానికి జెల్, మిశ్రమ చర్మానికి లోషన్, పొడి చర్మానికి క్రీము. ఆయింట్‌మెంట్ పెదవులకు, ముక్కు పక్కన పగిలిన చోటికి మాత్రమే. మూతి వెడల్పాటి డబ్బా కన్నా ట్యూబు లేదా పంపు సీసా తీసుకోండి. డబ్బాలో రోజూ వేలు ముంచితే సూక్ష్మజీవులు చేరతాయి.

ట్యూబు వెనక చిన్న అక్షరాలల్ల ఏం చూడాలె?

ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చదవండి. పదార్థాలను ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని దాకా వరుసగా రాస్తారు. ఒక శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని మాత్రం ఎట్లాగైనా రాసుకోవచ్చు. మొదటి ఐదారు పేర్లే అసలు క్రీము. ముందు వైపు పెద్దగా "కుంకుమపువ్వు", "బాదం" అని వేసి, వెనక వరుసలో అవి సువాసన ద్రవ్యం తర్వాత ఉంటే పేరుకు ఒక చుక్క వేశారని అర్థం. పొడి చర్మానికి కొంటుంటే నీటి తర్వాత రెండు మూడు స్థానాల్లో గ్లిజరిన్ కనిపించాలి. సున్నిత చర్మమైతే "ఫ్రాగ్రెన్స్", "పర్ఫ్యూమ్" అన్న మాటలు అసలు ఉండొద్దు. "అన్‌సెంటెడ్" అని ఉన్నా వాసన తెలియకుండా చేసే మరో సువాసన కలిపి ఉండొచ్చు కాబట్టి "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అన్నదే తీసుకోండి. మొటిమలు వచ్చే చర్మమైతే కొబ్బరి నూనె, కోకో బటర్, ఐసోప్రొపైల్ మైరిస్టేట్ ముందు వరుసలో ఉన్నవి వదిలేయండి. మిథైల్ ఐసోథయజోలినోన్ అనే నిల్వ పదార్థం చాలామందికి అలర్జీ తెస్తుంది. ముఖం మీద నిలిచి ఉండే క్రీములో అది వద్దు.

తర్వాత తయారీదారు పేరు, చిరునామా, తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, వాడాల్సిన గడువు, ఎంఆర్‌పీ చూడండి. విదేశీ సరుకైతే దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా డబ్బా ఎంత అందంగా ఉన్నా తిరిగి ఇచ్చేయండి. మూత తెరిచిన డబ్బా బొమ్మలో "6ఎం" అనో "12ఎం" అనో ఉంటే, తెరిచాక అన్ని నెలల్లో వాడేయాలని.

"నాన్ కామెడోజెనిక్", "డెర్మటాలజిస్ట్ టెస్టెడ్" అని ఉంటే నమ్మొచ్చా?

మొదటిది కొంత పనికొస్తుంది. రంధ్రాలు మూసే నూనెలు తగ్గించి చేశామని కంపెనీ చెప్పుకునే మాట అది, హామీ కాదు. రెండోదాంట్లో ఎంతమంది మీద పరీక్షించారో, ఏం తేలిందో ఉండదు. దాన్ని చూసి పైసలు ఎక్కువ పెట్టకండి.

రెండు వందల క్రీముకు, రెండు వేల క్రీముకు తేడా ఏంది?

నీటిని పట్టి ఉంచే పనిలో పెద్ద తేడా లేదు. గ్లిజరిన్, పారఫిన్, డైమెథికోన్ అన్నీ చవక సరుకులే, రెండింట్లోనూ అవే ఉంటాయి. మిగతా ధర సువాసనకు, గాజు సీసాకు, ప్రకటనకు పోతుంది. సెరమైడ్లు ఉన్న క్రీముకు, స్థిరంగా ఉండే విటమిన్ సీ సీరమ్‌కు కొంత ఎక్కువ పెట్టడం న్యాయమే. బడ్జెట్ తక్కువైతే చవక మాయిశ్చరైజర్ తీసుకుని, మిగిలిన పైసలు సన్‌స్క్రీన్ మీద పెట్టండి.

పది దినాల్ల తెల్లగయ్యే క్రీము అమ్ముతున్నరు. చాలామంది మంచిగున్నదంటున్నరు. కొనొచ్చా?

కొనకండి. పది రోజుల్లో రంగు తేలే క్రీములో పాదరసమో, స్టెరాయిడో ఉందని అనుమానించాలి. పాదరసం చర్మంలో రంగు తయారయ్యే పనిని ఆపేస్తుంది, అందుకే అంత త్వరగా తెలుపు కనిపిస్తుంది. కానీ అది చర్మంలోంచి రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రపిండాలకు చేరుతుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో లేబుల్ సరిగా లేని ఇలాంటి క్రీములు వాడినవాళ్లలో కిడ్నీ జబ్బు వరుసగా బయటపడింది. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం ముఖపు క్రీముల్లో పాదరసం కలపకూడదు. తెలియకుండా చేరినది కూడా పది లక్షల్లో ఒక వంతు దాటకూడదు.

పాదరసం ఉన్నదాన్ని కంటితో గుర్తుపట్టలేం గానీ జాడలు ఉంటాయి: తయారీ చిరునామా లేకపోవడం, పదార్థాల జాబితా లేకపోవడం, "కలోమెల్", "మెర్క్యూరస్ క్లోరైడ్", "మెర్క్యురిక్ అయొడైడ్" అన్న పేర్లు. ఒక హెచ్చరిక మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. "బంగారం, వెండి, అల్యూమినియం తగలనీయకండి" అని డబ్బా మీద రాసి ఉంటే, పాదరసం ఆ లోహాలకు పట్టుకుంటుంది కాబట్టే అట్లా రాశారు. ముక్కుపుడకకు పడనిది ముఖానికి ఎట్లా పడుతుంది?

ఇప్పటికే వాడుతుంటే ఆపి, డబ్బాను పారేయకుండా కవర్‌లో చుట్టి డాక్టర్‌కు చూపించండి. మూత్రంలో నురగ, కాళ్ల వాపు, పొద్దున కళ్ల కింద ఉబ్బు ఉంటే మూత్ర పరీక్ష అదే వారంలో చేయించండి. ఇంట్లో పిల్లలను ఎత్తుకునే చేతులకూ, వాళ్ల ముఖానికీ అది అంటుతుందని మరవకండి.

మెడికల్ షాపుల ఇచ్చిన ట్యూబుతోని వారంల మొఖం మెరిసింది. అది మంచిదే కదా?

ట్యూబు తిప్పి ఈ పేర్లు వెతకండి: బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్. ఏది ఉన్నా అది క్రీము కాదు, స్టెరాయిడ్ మందు. చాలా ఎక్కువగా చేతులు మారేది మూడు మందుల మిశ్రమం: హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినోయిన్ 0.025 శాతం, మొమెటసోన్ 0.1 శాతం. ఇది మంగు మచ్చలకు డాక్టర్ కొన్ని వారాల పాటు రాసే మందు. రోజూ రాసుకునే ఫేస్ క్రీము కాదు.

మొదటి రెండు వారాలు స్టెరాయిడ్ వాపును, ఎరుపును అణచి ముఖాన్ని నున్నగా, తెల్లగా చూపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పల్చబడి సన్నటి ఎర్ర నరాలు కనిపిస్తాయి, చెంపల మీద వెంట్రుకలు వస్తాయి, గుంపులుగా మొటిమలు లేస్తాయి, పొయ్యి దగ్గర నిలబడితే ముఖం భగభగమంటుంది. ఆపిన మూడు నాలుగు రోజులకే ముఖం కందిపోతే, భయపడి మళ్లీ రాస్తారు. ఆ వలయంలో ఏళ్లకేళ్లు చిక్కుకుంటారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మొద్దు, కొనొద్దు.

పారాబెన్లుంటే క్యాన్సర్ వస్తదట కదా?

క్రీముల్లో అనుమతించిన మోతాదులో వాడితే అట్లా వస్తుందని రుజువు కాలేదు. అలర్జీ విషయంలో మిగతా నిల్వ పదార్థాల కన్నా పారాబెన్లే నెమ్మది. చర్మ అలర్జీలు చూసే డాక్టర్ల సంఘం, అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2019లో వాటిని అలర్జీ తేని పదార్థంగా ప్రత్యేకంగా గుర్తించింది. నిల్వ పదార్థమే లేని క్రీము బూజు పడుతుంది, అది ఇంకా ప్రమాదం.

ఆయుర్వేదిక్, హెర్బల్ అంటే సైడ్ ఎఫెక్ట్ ఉండదు కదా?

ఉంటుంది. దురదగొండి ఆకు కూడా మొక్కే. లావెండర్, టీ ట్రీ, నిమ్మ నూనెలు సున్నిత చర్మానికి మంట తెస్తాయి. తయారీ వివరాలు లేకుండా సీసాల్లో నింపి ఇచ్చే "నాటు క్రీముల్లో" స్టెరాయిడ్ కలిపిన సందర్భాలూ ఉన్నాయి. హెర్బల్‌కూ లేబుల్ నియమాలు అవే.

## రాసుకునేటప్పుడు

కొత్త క్రీము ముందుగాల ఎక్కడ పెట్టి చూడాలె?

మోచేతి మడత లోపలి వైపు రూపాయి బిళ్లంత చోట, రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. ఒక్క రోజు చూసి సరే అనుకోవద్దు, అలర్జీ చాలాసార్లు మూడో రోజు తర్వాతే బయటపడుతుంది. అక్కడ ఏమీ కాకపోతే చెవి కింద దవడ మీద మూడు రోజులు, ఆ తర్వాత ముఖమంతా. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెట్టకండి. తేడా వస్తే ఏది తెచ్చిందో తెలియదు. పెండ్లి కూతురికి, పెండ్లి కొడుకుకు ఒక మాట: ముహూర్తానికి నెల లోపు కొత్త క్రీము, కొత్త ఫేషియల్ ఏదీ వద్దు.

ఎంత పెట్టాలె, ఎప్పుడు పెట్టాలె?

ముఖానికి, మెడకు కలిపి రెండు మక్క గింజలంత, అంటే సుమారు అర గ్రాము. ముఖం కడిగి తువ్వాలతో అద్దాక, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల లోపే రాయాలి. అప్పుడు ఆ చెమ్మ లోపలే నిలుస్తుంది. పూర్తిగా ఆరాక రాస్తే అదే క్రీము అంత బాగా పనిచేయదు. నుదురు, చెంపలు, ముక్కు, గదువ మీద ఐదు చుక్కలు పెట్టి, లోపలి నుంచి బయటికి నెమ్మదిగా పరచండి, రుద్దకండి. రోజుకు రెండు పూటల అర గ్రాము చొప్పున 50 గ్రాముల ట్యూబు 50 రోజులు రావాలి. ఆరు నెలలు వచ్చిందంటే మీరు చాలినంత పెట్టడం లేదు.

ఎండాకాలంల సన్‌స్క్రీన్, క్రీము రెండు పెట్టాల్నా? ఏది ముందు?

క్రీము ముందు, ఐదు నిమిషాలు ఆగి సన్‌స్క్రీన్, దాని మీద పౌడరో మరొకటో. జిడ్డు చర్మమైతే ఏప్రిల్, మే నెలల్లో పగటి పూట క్రీము మానేసి జెల్ సన్‌స్క్రీన్ ఒక్కటే పెట్టినా సరిపోతుంది. ఎస్‌పీఎఫ్ (చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాల నుంచి రక్షణ) 30 లేదా 50, పీఏ (లోపలికి దిగే యూవీఏ కిరణాల నుంచి రక్షణ) మూడు ప్లస్సులు ఉన్నది తీసుకోండి. ఎస్‌పీఎఫ్ 30 దాదాపు 97 శాతం, 50 దాదాపు 98 శాతం యూవీబీ కిరణాలను ఆపుతుంది. కాబట్టి అంకె పెద్దదని మురిసే కన్నా సరిపడా రాయడం ముఖ్యం. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు గీసినంత కావాలి. బయటికి వెళ్లడానికి పావుగంట ముందు రాసి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. రామగుండం, కొత్తగూడెం ఎండకు సన్‌స్క్రీన్ ఒక్కటే చాలదు. స్కార్ఫ్, గొడుగు, రుమాలు కూడా కావాలి. మేడారం జాతర లాంటి చోట్ల పొద్దంతా క్యూలో నిలబడేటప్పుడు చెమటకు నిలిచే రకం తీసుకెళ్లండి. దుమ్ము మీదనే మళ్లీ రాయకుండా ముందు తడి గుడ్డతో తుడుచుకోండి.

చలికాలంల ఆదిలాబాద్ దిక్కు మొఖం పగిలి మండుతది. ఏం చేయాలె?

అక్కడ రాత్రి ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోతుంది, గాలిలో తేమ ఉండదు. లోషన్ మానేసి గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్న చిక్కటి క్రీముకు మారండి. రాత్రి దాని మీద చెంపలకు, ముక్కు పక్కన సన్నటి పొరగా పెట్రోలియం జెల్లీ. మొటిమలు వచ్చేవాళ్లు జెల్లీని పెదవుల దాకే ఉంచండి. మరిగే నీళ్లతో ముఖం కడగొద్దు, గోరువెచ్చగా ఉంటే చాలు. ఉత్త గ్లిజరిన్ సీసాలోంచి నేరుగా రాయకండి. గాలి పొడిగా ఉన్నప్పుడు అది లోపలి నీటినే పైకి లాగుతుంది. ఒక వంతు గ్లిజరిన్‌కు మూడు నాలుగు వంతుల నీళ్లు ఏ పూటకాపూట కలిపి, తడి ముఖం మీద రాసి, పైన క్రీము పెట్టండి. చలిమంట దగ్గర కాగేటప్పుడు ముఖాన్ని దూరంగా ఉంచండి. వేడి కూడా చర్మాన్ని ఎండబెడుతుంది.

మిర్చి ఏరుడు, బొగ్గు బావి పని. మొఖానికి ఏం పెట్టుకోవాలె?

మిర్చి కాడ చేతులే ప్రమాదం. ఆ ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. పని అయ్యాక చేతులకు పల్లి నూనె పట్టించి, గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడిగాకే ముఖం ముట్టుకోండి, క్రీము రాయండి. నీళ్లతో మొదలుపెడితే మంట పాకుతుంది. ఎనుమాముల మార్కెట్‌లో సీజన్ నడిచే రోజుల్లో ముక్కుకు, నోటికి తడి రుమాలు, ముఖానికి పనికి ముందు సన్నగా చిక్కటి క్రీము పెడితే ఘాటు దుమ్ము నేరుగా అంటదు.

సింగరేణి షిఫ్టు దిగాక కళ్ల చుట్టూ నిలిచే బొగ్గు నలుపును పీచుతో గీకొద్దు. దూదికి కొంచెం నూనె అద్ది మెల్లగా తుడిచి, తర్వాత ఫేస్‌వాష్, వెంటనే లోషన్.

ఇంట్ల నిమ్మకాయ, పసుపు, శనగపిండి ఉంటే క్రీము ఎందుకు?

శనగపిండి అప్పుడప్పుడు నలుగుగా మంచిదే, జిడ్డు చర్మానికి, మెత్తగా జల్లించినదైతే. కానీ అది కడిగే వస్తువు, తేమ నిలిపే వస్తువు కాదు. పసుపు చిటికెడు చాలు, ఎక్కువైతే కొందరికి దద్దుర్లు వస్తాయి. నిమ్మకాయ వద్దు. అది చాలా పుల్లటి ఆమ్లం. పైగా నిమ్మరసం అంటిన చర్మం మీద ఎండ పడితే కాలినట్టు మచ్చలు ఏర్పడి నెలల తరబడి ఉంటాయి. వంటసోడా, టూత్‌పేస్ట్ కూడా ముఖం దాకా రావొద్దు.

మాది రేకుల ఇల్లు. ఎండాకాలంల క్రీము నీళ్ల లెక్క అయితది. పాడైనట్టేనా?

నీరు ఒక వైపు, చిక్కటిది ఒక వైపు విడిపోతే పాడైనట్టే. మళ్లీ కలిపినా మందు, నిల్వ పదార్థం సమంగా కలవవు. వాసన మారినా, రంగు ముదిరినా అంతే. క్రీములు 30 డిగ్రీల లోపు ఉండాలి. రేకుల కింద మే నెలలో అది కుదరదు కాబట్టి గోడకు కింది అరలో, నీళ్ల కుండ ఉండే చల్లటి మూలలో ఉంచండి. ఎండాకాలంలో చిన్న ట్యూబులే కొనండి. బైక్ డిక్కీలో, కిటికీ గట్టు మీద పెట్టొద్దు.

## తేడా వచ్చినప్పుడు

పెట్టంగనే చురచురమంటది. అలవాటైతదా?

యూరియా, విటమిన్ సీ, యాసిడ్ ఉన్నవి అర నిమిషం చురుక్కుమని ఆగిపోతే పర్వాలేదు. రెండు నిమిషాలు దాటినా, ఎర్రబడినా, దురద పెట్టినా కడిగేయండి. వారం పాటు సువాసన లేని సాదా క్రీము ఒక్కటే వాడండి. ఉత్త నీళ్లు పోసినా మంటగా ఉందంటే చర్మం పైపొర దెబ్బతిన్నదని.

క్రీము మొదలుపెట్టినంక మొటిమలు ఎక్కువైనయ్. ఆపాల్నా?

రెటినాల్, అడపలీన్, సాలిసిలిక్ యాసిడ్ లాంటివి మొదటి నాలుగైదు వారాలు లోపల ఉన్న మొటిమలను పైకి తేవచ్చు, అది ఎప్పుడూ వచ్చే చోట్లనే. ఎప్పుడూ రాని చోట, చెంపల నిండా చిన్న గింజల్లా వస్తే క్రీము రంధ్రాలు మూస్తోంది, ఆపండి. నుదుటి మీద, జుట్టు మొదట్లో మాత్రమే వస్తే తప్పు క్రీముది కాకపోవచ్చు, తలకు పెట్టే కొబ్బరి నూనెది. రాత్రంతా ఉంచకుండా తలస్నానానికి గంట ముందు పెట్టి చూడండి.

చెంపల మీద మంగు మచ్చలు. ఏ క్రీము రాస్తే పోతయ్?

ముందు సన్‌స్క్రీన్, అది లేకుండా ఏ మందూ నిలవదు. మంగుకు ఎండే కాదు, వేడి, కంటికి కనిపించే వెలుతురు కూడా కారణం. అందుకే ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మామూలుదాని కన్నా మేలు. అజెలైక్ యాసిడ్ 10 నుంచి 20 శాతం, నయాసినమైడ్ 4 నుంచి 5 శాతం ఉన్నవి నెమ్మదిగా, మూడు నాలుగు నెలలకు పలుచన చేస్తాయి. హైడ్రోక్వినోన్ డాక్టర్ చూపులోనే, కొద్ది నెలలే వాడాలి. ఎక్కువ కాలం వాడితే చర్మం నీలి బూడిద రంగుకు తిరుగుతుంది, అది పోవడం కష్టం. మంగు పూర్తిగా మాయం కాకపోవచ్చు, తగ్గి మళ్లీ వస్తుంది. నెలలో పోగొడతామన్న మాట నమ్మకండి.

కడుపుతోని ఉన్నప్పుడు ఏవి రాసుకోవద్దు?

రెటినాల్, ట్రెటినోయిన్, అడపలీన్, హైడ్రోక్వినోన్ వద్దు. గ్లిజరిన్, సెరమైడ్ క్రీములు, జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్, అజెలైక్ యాసిడ్ వాడొచ్చు. ఆ నెలల్లో వచ్చే మంగు కాన్పయ్యాక చాలావరకు తగ్గుతుంది.

స్టిక్కర్ బొట్టు పెట్టే జాగల తెల్లగయింది. క్రీము రాస్తే రంగు వస్తదా?

బొట్టు జిగురులో ఉండే ఒక రసాయనం కొందరిలో రంగు కణాలను దెబ్బతీస్తుంది. క్రీము మార్చడం కాదు, ఆ రోజే స్టిక్కర్ మానేయాలి. జిగురు ఊడదీయడానికి నూనె రాయండి, గోరుతో గీకొద్దు. తెలుపు అక్కడితో ఆగకుండా పాకుతుంటే చర్మ డాక్టర్ చూడాల్సిందే.

పిల్లగాని చెంపల మీద తెల్ల మచ్చలు. నట్టలున్నయని అంటున్నరు. నిజమేనా?

నట్టలకు (కడుపులో పురుగులకు), కాల్షియంకు ఈ మచ్చలతో సంబంధం లేదు. బడి పిల్లల్లో చెంపల మీద అంచు సరిగా తెలియని, కొంచెం పొట్టు రాలే తెలుపు సాధారణంగా పొడిబారిన చర్మమే. ఎండకు చుట్టూ నల్లబడి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సువాసన లేని చిక్కటి క్రీము రెండు పూటలా, సబ్బు తగ్గించడం, టోపీ. రంగు కలవడానికి నెలలు పడుతుంది. ఒక్క పరీక్ష మాత్రం మరవొద్దు: దూది కొసతో మచ్చ మీద తాకించి, పిల్లవాడు కళ్లు మూసుకుని చెప్పగలడా చూడండి. స్పర్శ తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు. ప్రభుత్వ ఆస్పత్రిలో మందు ఉచితం, త్వరగా మొదలుపెడితే పూర్తిగా నయమవుతుంది.

నేను వాడేది స్టెరాయిడ్ అని తెలిసింది. రేపటి సంది బంద్ చేయాల్నా?

రెండు మూడు వారాలే వాడి ఉంటే ఆపేసి సాదా మాయిశ్చరైజర్ పెట్టండి. నెలల తరబడి వాడి ఉంటే ముఖం ఒక్కసారిగా మండి, ఉబ్బి, చీము పొక్కులు రావచ్చు. అప్పుడు తట్టుకోలేక మళ్లీ అదే రాయడం జరుగుతుంది. అందుకే ట్యూబు చేతిలో పట్టుకుని వెళ్లండి. వరంగల్‌లో ఎంజీఎం ఆస్పత్రి చర్మ విభాగం ఉంది, మిగతా జిల్లాల వాళ్లకు జిల్లా ప్రభుత్వ ఆస్పత్రి. తక్కువ శక్తి మందుకు మార్చి దించుతారా, వేరే మందు ఇస్తారా అన్నది వాళ్లు చూసి చెబుతారు. ఈలోపు పెట్రోలియం జెల్లీ, చల్లటి తడి గుడ్డ పది నిమిషాలు, ఎండకు దూరం. ఆ మంట కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా ఉండొచ్చు. ఇంట్లోవాళ్లకు కూడా ఈ సంగతి చెప్పి పెట్టండి. "మొన్నటిదాకా మంచిగనే ఉండె కదా, అదే పెట్టు" అన్న మాట దగ్గరే చాలామంది వెనక్కి పోతారు.

ఏ గుర్తు కనిపిస్తే ఇంట్ల చూసుకోకుండ దవఖానకు పోవాలె?

క్రీము రాసిన గంటల్లో కనురెప్పలు, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆ పూటే అత్యవసర విభాగానికి. గుండ్రంగా అంచు లేచి పాకే దురద మచ్చ తామర కావచ్చు, దాని మీద ఏ క్రీమూ రాయకుండా చూపించండి. నల్ల మచ్చ ఆకారం మారుతున్నా, రక్తం కారుతున్నా, పుండు నెల దాటినా మానకపోయినా ఆలస్యం చేయొద్దు. వెళ్లేటప్పుడు ముఖానికి పౌడర్ రాయకుండా, ఆరు నెలల్లో వాడిన ట్యూబులన్నీ ఒక కవర్‌లో వేసుకుని పోండి.